నాన్న ప్రతి కల్వర్టు దగ్గరా బండి ఆపిస్తారు. శ్రీలంకలో పనిచేసిన ఫౌజీలు ఎవరైనా ఉన్నారా?

వంశధార_గట్టు

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నాన్న 1981లో ఆర్మీలో చేరారు, బెంగళూరు మద్రాస్ శాపర్స్, అంటే ఆర్మీ ఇంజనీరింగ్ దళం. 17 ఏళ్లు చేసి నాయక్‌గా పెన్షన్ మీద వచ్చేశారు. 1987 నుంచి 1989 దాకా శ్రీలంకలో ఉన్నారని అమ్మ చెప్పడమే. ఆయన నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు.

విషయం ఏమిటంటే, పేట నుంచి మా ఊరి దారిలో రెండు కల్వర్టులు ఉన్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న వాటి ముందు స్కూటర్ ఆపి, దిగి, రోడ్డు అంచున నిలబడి కిందికి చూసి, అప్పుడు బండి నడిపించుకుంటూ దాటేవారు. ఇప్పుడు మోకాలు బాగోక నా వెనక కూర్చుంటున్నారు. నన్నూ ఆపమంటారు. నిన్న స్కూలుకి లేటవుతోందని అరిచేశాను, "కింద ఏముంటుంది నాన్నా, నీళ్లూ కప్పలూ తప్ప!" అని. "ఏటీ నేదమ్మా, పద" అన్నారు అంతే. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.

ట్రంకు పెట్టెలో అమ్మకి ఆయన రాసిన ఉత్తరాలు నలభై దాకా ఉన్నాయి. అన్నీ నాలుగే లైన్లు. నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. వానలు పడ్డాయా. చోళ్లు చల్లారా. యుద్ధం అన్న మాటే లేదు. అక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచి వీళ్లు ఏం చేసేవారు? ఏం తినేవారు? తెలిసినవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి_ఫౌజీ

శాపర్ అంటున్నారు, కల్వర్టు అంటున్నారు. ఇంకేం చెప్పాలమ్మా. ఆర్‌ఓపీ. మీ నాన్నగారు అందరికంటే ముందు నడిచిన మనిషి.

ఉద్దానం_కుర్రాడు

ఆర్‌ఓపీ అంటే ఏంటన్నా? నేను సెలక్షన్‌కి రెడీ అవుతున్నా. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో రోజూ 1600 మీటర్లు పరుగెడుతున్నా. ఇంకా 5:50 దగ్గరే ఉన్నా, ఐదున్నరలోపు దిగాలి.

చీపురుపల్లి_ఫౌజీ

రోడ్ ఓపెనింగ్ పార్టీ. బండ్లు వెళ్లేముందు రోడ్డు నడిచి చూడటం. నేను కశ్మీర్‌లో చేశాను. శ్రీలంక సంగతి అక్కడ ఉన్నవాళ్లే చెప్పాలి. ముందు నువ్వు ఆ ఇరవై సెకన్లు తగ్గించు తమ్ముడూ.

గజపతినగరం_మాస్టారు

పిల్లలకి ఈ యుద్ధం పాఠాల్లో పెద్దగా కనిపించదు, అందుకని కొంచెం వెనక్కి వెళ్తాను. అది ఆ దేశపు అంతర్యుద్ధం. సింహళ ప్రభుత్వానికీ, తమిళ ఈలం అనే వేరే దేశం కోరిన ఎల్‌టీటీఈకీ, అంటే తమిళ పులులకీ మధ్య. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. పులులు ఆయుధాలు అప్పగిస్తారు, మన సైన్యం శాంతి కాపాడుతుంది అన్నది మాట. అందుకే పేరు కూడా శాంతి పరిరక్షక దళం, ఐపీకేఎఫ్. మొదట వెళ్లింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. ఉత్తర శ్రీలంకలోని జాఫ్నాలో తమిళులు పూలదండలు వేశారు.

రెండు నెలలు తిరక్కుండానే అంతా మారిపోయింది. సెప్టెంబర్ 26న పులుల నాయకుడు తిలీపన్ నిరాహార దీక్షలో చనిపోయాడు. అక్టోబర్ 5న పట్టుబడిన పులులు సైనైడ్ మింగారు. అక్టోబర్ 10కల్లా మనవాళ్లకీ పులులకీ నేరుగా యుద్ధం, ఆపరేషన్ పవన్. మన విజయనగరంలో సిరిమాను పండగ అయి కొద్ది రోజులే అయింది. కాపలాకని వెళ్లినవాళ్లు ఒక్క రాత్రిలో యుద్ధంలో పడ్డారు. చివరి దళం వెనక్కి వచ్చింది 1990 మార్చి 24న.

బొబ్బిలి_వీణ

మా ఆయన కూడా అక్కడే, వావునియా వైపు. ఆయన పోయి ఏడేళ్లయింది. ఆ ఉత్తరాలు చదివితే నీకు కోపం వచ్చిందేమో గానీ తల్లీ, ఆ నాలుగు లైన్ల కోసం మేం ఎలా చూసేవాళ్లమో. ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో రాయకూడదని వాళ్లకి ఆర్డరు. కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అన్న అడ్రసు తప్ప ఊరి పేరు ఉండదు. నేను అక్షరాలు చూసేదాన్ని. చెయ్యి వణికిందా, లైన్లు తిన్నగా ఉన్నాయా అని. ఒక ఉత్తరం పెన్సిల్‌తో వచ్చింది. పెన్ను పోయిందా, చెయ్యి పోయిందా అని మళ్లీ ఉత్తరం వచ్చేదాకా అన్నం సయించలేదు.

పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు రెండుసార్లు కొడితే ఉత్తరం, దిగి స్టాండు వేస్తే మనియార్డరు. ఏమీ కొట్టకుండా నిలబడితే టెలిగ్రాం అని భయం. మా వీధిలో ఒకసారి అలా నిలబడ్డాడు. పక్కింటి వాళ్లకి, ముసలాయన పోయారని కబురు. పాపం అనాలని కూడా తోచలేదు నాకు. మనది కాదు కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధే.

ఉద్దానం_కుర్రాడు

మీ పోస్ట్ చదివి మా అమ్మకి వినిపించాను పిన్నీ. "నువ్వు ఆర్మీకి వద్దులేరా" అంటోంది ఇప్పుడు.

బొబ్బిలి_వీణ

వెళ్లనీమని చెప్పు నాన్నా. ఉత్తరం కాదు, నీ చేతిలో ఫోన్ ఉంటుంది. రోజూ చెయ్యి.

మోర్చా_63

నేను మద్రాస్ రెజిమెంట్. ఊరు రాజాం వైపు. 1987 చివర్లో వెళ్లి 1989 దాకా ఉన్నాను, ఎక్కువ కిలినొచ్చి, వావునియా మధ్య. అమ్మాయి అడిగింది రోజు ఎలా గడిచేదని. అదే చెప్తాను, ఫైటింగ్ గురించి పుస్తకాలు ఉన్నాయి.

తెల్లారకముందే స్టాండ్ టు. అంటే చీకటి పోయేముందు అందరూ మోర్చాల్లో (కాపు కాసే గుంతల్లో) రైఫిల్ పట్టుకుని కూర్చోవాలి. మళ్లీ సాయంత్రం చీకటి పడేముందూ అంతే. ఆ రెండు టైముల్లోనే దాడులు ఎక్కువని లెక్క. ఇసుక బస్తాల మీద మంచు దిగి మోచేతులు తడిసిపోయేవి. అప్పుడు మగ్గులో చాయ్ వస్తుంది. ఆ చాయ్ కోసం ఎంత దూరం నుంచైనా లంగర్ (వంటశాల) కుర్రాడి అడుగుల చప్పుడు గుర్తుపట్టేవాళ్లం.

వెలుగు రాగానే ఆర్‌ఓపీ. దీని గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ నాన్నగారి పని అదే. రోడ్డుకి రెండు పక్కలా మేం, అంటే ఇన్‌ఫాంట్రీ వాళ్లం, చెట్లలోంచి దూరంగా నడుస్తాం. రోడ్డు మీద శాపర్లు. ఒకడి చెవులకి హెడ్‌ఫోను, చేతిలో మైన్ డిటెక్టర్. ఇంకొకడి చేతిలో ప్రాడర్, సన్నటి ఇనుప ఊచ. అనుమానం ఉన్నచోట బోర్లా పడుకుని ఊచని ఏటవాలుగా మట్టిలోకి గుచ్చాలి, నిలువుగా గుచ్చకూడదు. గట్టిగా తగిలితే ఆగాలి. వేళ్లతో మట్టి తియ్యాలి. రోడ్డంతా గుండ్ల పెంకులూ మేకులే కాబట్టి డిటెక్టర్ అస్తమానూ కూస్తూనే ఉంటుంది. అసలు మైను చెక్క పెట్టెలో ఉంటే కూయదు. అందుకని కళ్లే దిక్కు. ఆకులు పక్క ఆకుల కంటే ఎండి ఉన్నాయా, మట్టి రంగు తేడాగా ఉందా, గడ్డి మీద మంచు చెరిగిందా.

కల్వర్టు అన్నిటికంటే చెడ్డది. రోడ్డు తవ్వక్కర్లేదు, తూములోకి మందు తోసేస్తే చాలు. దాని నుంచి తీగ, దూరాన చెట్ల చాటున ఒకడు బ్యాటరీ పెట్టుకుని కూర్చుంటాడు. మా పని ఆ తీగ వెతకడం. శాపర్ పని తూములోకి తల పెట్టి చూడటం. లోపల ఏముందో వాడికి తెలియదు, దూరాన ఎవడున్నాడో మాకు తెలియదు. రోజూ అన్ని కల్వర్టులూ. పదిహేను కిలోమీటర్లు నడవడానికి సగం రోజు పట్టేది.

ఇంకో మాట. చూసిన రోడ్డు చూసినట్టు ఉండదు. కాపలా తీసేసిన గంటలో మళ్లీ పెట్టేయగలరు. అందుకని మధ్య మధ్య మనుషుల్ని నిలబెట్టి, కాన్వాయ్ వెళ్లి తిరిగొచ్చేదాకా అక్కడే ఉండాలి. ఎండలో, నీళ్ల బాటిల్ ఒక్కటితో.

వంశధార_గట్టు

చదువుతున్నాను సార్. నాన్న కూడా ఆగి ముందు గడ్డి చూస్తారు, తర్వాతే కిందికి వంగుతారు. ఎప్పుడూ అదే వరస. నేను ఇన్నేళ్లు చూసి కూడా గమనించలేదు.

చీపురుపల్లి_ఫౌజీ

మోర్చా సార్ చెప్పిన ఆ డ్రిల్లు ఒంట్లో దిగిపోతే పోదు. నేను ఇప్పటికీ హోటల్‌లో గోడకి వీపు పెట్టి కూర్చుంటా. మా ఆవిడ ముందే ఆ కుర్చీ వదిలేస్తుంది.

గజపతినగరం_మాస్టారు

ఆయుధాల తేడా కూడా ఒకటి ఉంది. మనవాళ్ల చేతిలో అప్పుడు ఎస్‌ఎల్‌ఆర్, పొడుగాటి రైఫిల్, నాలుగు కిలోల పైన బరువు, 20 గుండ్ల మ్యాగజైన్. అవతల ఏకే-47, 30 గుండ్లు, గుక్క తిప్పకుండా కాలుస్తుంది. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లో 29 మంది చనిపోయారు, ఒక్కడే ప్రాణాలతో పట్టుబడ్డాడు. నవంబర్ 25న మహార్ రెజిమెంట్ మేజర్ రామస్వామి పరమేశ్వరన్ పోయారు, ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. మొత్తం మీద అక్కడ పోయిన మన సైనికులు 1,100 మందికి పైనే.

మోర్చా_63

తర్వాత మాకూ ఏకేలు వచ్చాయి మాస్టారూ. వచ్చేదాకా ఎస్‌ఎల్‌ఆర్‌తోనే. గుబురు చెట్లలో ఆ పొడుగు గొట్టం కొమ్మలకి తగులుకునేది. తాటి చెట్ల మీద ఎక్కి కాల్చేవాళ్లు. నేను మన ఊళ్లో తాటి తోపు చూస్తే ముందు మొవ్వు వైపే చూస్తాను, కాయలు ఉన్నాయా అని కాదు.

పలాస_రీడర్

తిండి సంగతి చెప్పండి సార్. మనవాళ్లకి అన్నం లేకపోతే ఎలా?

మోర్చా_63

మా పల్టన్‌లో అన్నం, సాంబారు ఉండేవి, అదృష్టం. బయటికి రెండు మూడు రోజులు వెళ్తే మాత్రం పూరీలు, శక్కర్‌పారా, వేయించిన శనగలు. పూరీ రెండో రోజుకి తోలు అయిపోతుంది. మా సెక్షన్‌లో సాలూరు అబ్బాయి ఒకడు ఇంటి నుంచి వచ్చేటప్పుడు చింతపండు ఉండ, ఎండుమిర్చి తెచ్చుకున్నాడు. జేబులో ఆ చింతపండు గోరుతో గిల్లి నాలుక మీద పెట్టుకునేవాడు. ఎవరైనా బెదిరిపోయి కూర్చుంటే వాళ్లకీ ఇంత గిల్లి ఇచ్చేవాడు. నోట్లో నీళ్లూరితే గుండె దడ తగ్గుతుందని వాడి లెక్క. నాకైతే పనిచేసింది.

నీళ్లకి భయం. జాఫ్నా వైపు నదులు లేవు, అన్నీ బావులే. ఏ బావిలో ఏముందో, బావి చుట్టూ ఏం పెట్టారో. ముందు శాపర్లు చూడాలి, తర్వాత నీళ్లు తోడాలి. స్నానం అంటే ఎప్పుడో. బూట్లు రోజుల తరబడి విప్పం, విప్పితే మేజోడుతో పాటు చర్మం వచ్చేది. వారానికోసారి మలేరియా మాత్రలు. లైన్‌లో నిలబెట్టి సుబేదార్ సాబ్ ముందు మింగించి, నోరు తెరిపించి చూసేవారు. చిన్నపిల్లలకి మల్లే.

ఉద్దానం_కుర్రాడు

మా ఉద్దానం లాగే ఉంటుందా అక్కడ? తాత అనేవాడు, సిలోన్ అంటే కొబ్బరి చెట్లని.

మోర్చా_63

మొదటి రోజు ట్రక్కు దిగి చూసి, కవిటి వచ్చేశామా అనుకున్నాను. కొబ్బరి, తాటి, ఇసుక దారి, పక్కన తాటాకు దడి. మట్టి ఒక్కటే ఇంకాస్త ఎర్రన. అదే పెద్ద కష్టం తమ్ముడూ. పరాయి దేశంలా కనిపిస్తే మనసు గట్టి చేసుకోవచ్చు.

నాకు తమిళం వచ్చు, రెజిమెంట్‌లో నేర్చుకున్నాను. అందుకని కార్డన్ సెర్చ్‌లో నన్ను ఇళ్లలోకి పంపేవాళ్లు. తెల్లారుజామున ఊరు చుట్టేసి మగవాళ్లందర్నీ గుడి ముందుకో బడి ముందుకో తెస్తారు. ముసుగు వేసిన మనిషి ఒకడు కూర్చుంటాడు. వాడు తల ఊపితే ఆ కుర్రాణ్ని పక్కకి తీస్తారు. అక్కడివాళ్లు వాణ్ని తలాట్టి అనేవాళ్లు. వాడు పగతో ఊపాడో, భయంతో ఊపాడో, నిజంగానే ఊపాడో మాకు తెలియదు.

నేను ఇళ్లలో వెతకాలి. వంటింట్లో రోలు, చింతపండు జాడీ, గోడకి దేవుడి పటం, పొయ్యి మీద కుండ. కుండలో ఏం దాచారో చూడాలని బాయ్‌నెట్‌తో మూత ఎత్తాను. గంజి. పక్కన ముసలావిడ నిలబడి, "తిన్నావా?" అంది తమిళంలో. కోపంగా అడిగిందో ప్రేమగా అడిగిందో ఇప్పటికీ తెలియదు. మా అమ్మ వయసు. నేను మూత పెట్టేసి బయటికి వచ్చేశాను. ఆ ఇల్లు పూర్తిగా వెతకలేదు, వెతికానని చెప్పాను.

పలాస_రీడర్

మీ కష్టం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మనవాళ్ల బాధే మాట్లాడుకుంటే సరిపోదు కదా. 1987 అక్టోబర్ 21, దీపావళి రోజు. జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు, మన సైన్యం కాల్పుల్లో. దాని సంగతి?

చీపురుపల్లి_ఫౌజీ

ఒక కూతురు తండ్రి గురించి అడిగిన చోట ఇదా? లోపలి నుంచి కాల్చారనే కదా ఆర్మీ చెప్పింది. యూనిఫాం వేసుకోనివాళ్లకి చెప్పడం సులువు.

పలాస_రీడర్

నేను ఆ అమ్మాయి నాన్నగారిని అనలేదు. చదివేవాళ్లకి రెండూ తెలియాలి అంటున్నాను.

టెక్కలి_ఏఎంసీ

ఇద్దరూ ఆగండి. నేను ఆర్మీ మెడికల్ కోర్, నర్సింగ్ అసిస్టెంట్. ఆ దీపావళి తర్వాత రెండు నెలలకి జాఫ్నా దగ్గర పలాలి వెళ్లాను. ఆసుపత్రిలోంచి కాల్పులు వచ్చాయన్నది మనవాళ్ల మాట. లోపల శవాల మధ్య పడుకుని బతికినవాళ్ల మాట వేరు. నేను ఆ రోజు అక్కడ లేను, ఎవరి తరఫునా ప్రమాణం చెయ్యను. కానీ చచ్చిపోయిన డాక్టర్లూ నర్సులూ నా పనే చేస్తూ పోయారు. అది నేను మర్చిపోలేను. పలాస ఆయన అడిగింది తప్పు కాదు.

మా డ్యూటీ చెప్తాను. హెలికాప్టర్ చప్పుడు వినపడితే స్ట్రెచర్ పట్టుకుని పరుగు. మైను దెబ్బ అయితే చాలాసార్లు పాదం ఉండదు, బూటు ముక్కలు, మట్టి, గడ్డి అన్నీ కాలిలోకి దూరిపోయి ఉంటాయి. ముందు కట్టు, మార్ఫిన్, నుదుటి మీద టైము రాయడం. తర్వాత విమానంలో ఇండియాకి. కాలు పోయినవాళ్లు చివరికి పుణేలో కృత్రిమ అవయవాల కేంద్రానికి చేరేవారు. స్పృహ ఉన్న ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే, "సాబ్, ఇంటికి టెలిగ్రాం కొట్టొద్దు." నొప్పి గురించి తర్వాత.

ఆ ఊళ్ల జనం కూడా మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఒకసారి తొమ్మిదేళ్ల పిల్లాడిని తీసుకొచ్చారు, మేకని వెతుక్కుంటూ వెళ్లి మైను తొక్కాడు. ఎవరు పెట్టిన మైనో ఎవరికి తెలుసు. కట్టు కడుతుంటే నా చెవి పట్టుకున్నాడు, వదల్లేదు. తమిళంలో ఏదో అన్నాడు. నాకు తమిళం రాదు. మనవాడు ఒకడు చెప్పాడు, "మేక దొరికిందా" అని అడుగుతున్నాడని. దొరికిందని చెప్పమన్నాను.

చీపురుపల్లి_ఫౌజీ

సారీ అన్నా. సారీ పలాస భాయ్. తొందరపడ్డాను.

పూసపాటిరేగ_సముద్రం

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదవడమే. మా మామయ్య 1988లో అక్కడే పోయారు. కార్గిల్ అప్పటిలా జెండా కప్పిన పెట్టె రాలేదు మాకు. అక్కడే దహనం చేసి అస్థికలు పంపారు, ఒక చిన్న కుండలో. తర్వాత ట్రంకు పెట్టె వచ్చింది. రెండు జతల బట్టలు, చిన్న ట్రాన్సిస్టర్, సగం అరిగిన సబ్బు. అత్త ఆ సబ్బు కాగితంలో చుట్టి బీరువాలో పెట్టింది, ఇప్పటికీ ఉంది. వాసన పోయింది, రాయిలా అయిపోయింది.

కర్మలు జరుగుతుంటే ఊరి పెద్ద ఒకాయన అడిగాడు, "ఏ యుద్ధం ఇది, పాకిస్తాన్‌తోనా?" "కాదు, శ్రీలంకలో." "అక్కడ మనకేటి పని?" అన్నాడు. చెడ్డగా అనలేదు, తెలియక అడిగాడు. అత్త అప్పుడు ఏడుపు ఆపేసింది. ఆ రోజు తర్వాత ఆమె ఎవరి ముందూ మామయ్య మాట ఎత్తలేదు.

గజపతినగరం_మాస్టారు

అమ్మా, ఆ ప్రశ్న మీ ఊళ్లోనే కాదు, దేశమంతా అడిగింది. 1989లో శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాసే వెళ్లిపొమ్మన్నాడు. తమిళులకీ కాని, సింహళీయులకీ కాని సైన్యం అయిపోయింది. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు చేరితే, స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మీ అత్తగారికి ఒక విషయం చెప్పండి. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో శ్రీలంకలో పోయినవాళ్ల పేర్లూ చెక్కారు. కొలంబో పక్కన బత్తరముల్లలోనూ ఐపీకేఎఫ్ స్మారకం ఉంది.

పూసపాటిరేగ_సముద్రం

ఢిల్లీలో పేరు ఉందని మాకెవరూ చెప్పలేదు మాస్టారూ. అత్తని తీసుకెళ్తాను.

వంశధార_గట్టు

అందరివీ రెండు మూడుసార్లు చదివాను. మోర్చా సార్, పెట్టెలో నాన్న మెడల్స్ ఉన్నాయి, ఒకదాని మీద శ్రీలంక అని పట్టీ ఉంది. అదేంటి? అసలు ఆయన్ని అడగాలా వద్దా? భయంగా ఉంది.

చీపురుపల్లి_ఫౌజీ

అడగొద్దు. ఆయనగా చెప్తే వినండి. మానిన పుండు గిల్లకూడదు.

బొబ్బిలి_వీణ

మానిందని ఎవరు చెప్పారు? మా ఆయన్ని నేను ముప్పై ఏళ్లు అడగలేదు, బాధపడతారని. పోయేముందు ఆసుపత్రి మంచం మీద రాత్రిళ్లు ఎవరెవరి పేర్లో పిలిచారు. వాళ్లెవరో నాకు తెలియదు. అడిగి ఉండాల్సింది. ఎదురుగా కూర్చుని అడగకు తల్లీ. చేతిలో ఏదో ఒక పని పెట్టు, చిక్కుడుకాయలు వలవడమో ఏదో. చేతులు ఆడుతుంటే మాట వస్తుంది.

మోర్చా_63

విదేశ్ సేవా మెడల్ అయ్యుంటుంది, నాకూ ఉంది. నేను బొబ్బిలి చెల్లెమ్మ వైపు. ఒక పని చెయ్యమ్మా. ఇప్పుడు తేగల సీజను కదా. జాఫ్నాలోనూ సంక్రాంతికి ఇవే, పనంకిళంగు అంటారు. ఎండబెట్టి పిండి కొట్టి చేపలతో కూళ్ అని పులుసు కాస్తారు. తేగలు తెచ్చి కాల్చి ముందు పెట్టు. శ్రీలంక చూసినవాడు తేగ చూసి ఊరుకోలేడు.

ఉద్దానం_కుర్రాడు

మా పక్క ఇంట్లో గేగులు అంటారు వాటిని. తేగలా, గేగులా?

చీపురుపల్లి_ఫౌజీ

నమిలేటప్పుడు పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, పేరు ఏదైనా.

టెక్కలి_ఏఎంసీ

ఒక్క మాట. కల్వర్టు దగ్గర ఆగడం జబ్బు కాదు, ఆగనివ్వండి. ఒక నిమిషం పోతుంది, అంతే. కానీ రాత్రి కేకలేసి లేవడం, చెమటలు, మనుషుల్ని తప్పించుకోవడం ఉంటే మాత్రం ఈసీహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల వైద్య పథకం) చూపించి మానసిక వైద్యుడికి రాయించుకోండి. మందులు ఉన్నాయి, మాట్లాడేవాళ్లూ ఉన్నారు. మాకు ఆ రోజుల్లో అలాంటి డాక్టరు ఉంటాడనే తెలియదు, రమ్ము ఒక్కటే మందు. నాకు తెలిసినవాళ్లలో నలుగురు ఆ మందుతోనే పోయారు.

వంశధార_గట్టు

కనుమ అయిపోయింది. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

పేట సంతలో తేగలు కట్ట తెచ్చాను. కాల్చి, పెరట్లో మంచం మీద నాన్న ముందు పెట్టాను. నేనేమీ అడగలేదు. ఒకటి తీసుకుని చీల్చి, మధ్యలో చందమామ తీసి నాకు ఇచ్చారు, చిన్నప్పుడు ఇచ్చినట్టే. కాసేపటికి, "అక్కడ కాల్చరమ్మా, ఉడకబెడతారు" అన్నారు. నా ఊపిరి ఆగినంత పనైంది.

ఒక కల్వర్టు పక్కన ఇల్లు ఉండేదట. అందులో పెద్దావిడ తడికె దగ్గరికి ఉడికించిన తేగలు తెచ్చేదట. ఇళ్లలో తిండి తినకూడదని ఆర్డరు. ఆమెకి తెలుసు. అందుకని ముందు తను ఒకటి కొరికి చూపించి, మిగతావి తడికె మీద పెట్టి వెళ్లిపోయేదట. "మొదట్లో పడేసీవోళ్లం. తర్వాత తినీసేం" అన్నారు.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పీచు తీస్తూ ఉన్నారు. అమ్మ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. అప్పుడు చెప్పారు. ఒకరోజు ఆ కల్వర్టు తనే చూశారట. తూములోకి దూరి అవతలి వెలుతురు దాకా చూశారట. ఏమీ లేదు. ముందుకి వెళ్లిపోయారు. కాపలా పెట్టిన అబ్బాయి దాహానికి ఆ ఇంటి బావి దగ్గరికి వెళ్లాడు. మధ్యాహ్నం కాన్వాయ్ తిరిగొస్తుంటే రెండో బండి కింద పేలింది. ఆ బండిలో ఉన్నది, బెంగళూరులో నాన్నతో పాటు ట్రైనింగ్ అయిన స్నేహితుడు. ఇద్దరిదీ ఒకటే బ్యారక్, పక్క పక్క మంచాలు.

"నాను సూసేనమ్మా. బాగానే సూసేను" అన్నారు. అదే మాట మూడుసార్లు అన్నారు. ఆ పెద్దావిడ ఏమైందని అమ్మ అడిగింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ లేరట. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదట. ఆవిడకి ముందే తెలుసో, భయపడి పారిపోయిందో, ఇంకేమైనా అయిందో, నాన్నకి తెలియదు.

మోర్చా సార్, మీరు రాసింది చదివి వినిపించాను. కాపలా తీసేసిన గంటలో పెట్టేయగలరన్న దగ్గర ఆపించారు. "గంటెందుకు, పావుగంట చాలని ఆయనకి రాయి" అన్నారు. మీదే పల్టన్, ఏ కంపెనీ అని అడిగారు. మిమ్మల్ని చూడాలనుంది ఆయనకి. ఆయన ఎవరినైనా చూడాలని అనడం నేను మొదటిసారి విన్నాను.

బొబ్బిలి_వీణ

చూశారని ఆయనతో మళ్లీ మళ్లీ చెప్పు తల్లీ. బాగా చూశారని.

పలాస_రీడర్

నేను పలాసలోనే ఉంటాను. ఆదివారాలు బైక్ మీద రావడానికి వీలే. నాన్నగారికి అభ్యంతరం లేకపోతే, ఆయన చెప్పింది రాసి పెడతాను. ఆయన వద్దన్నది రాయను.

మోర్చా_63

అమ్మా, నాన్నగారికి చెప్పు, ఆయన చెప్పిందే కరెక్టు, పావుగంట. వచ్చే ఆదివారం వస్తాను. నరసన్నపేటలో బస్సు దిగితే మీ ఊరు ఎంత దూరం? ఆటోలు ఉంటాయా?

వంశధార_గట్టు

మూడు కిలోమీటర్లు సార్. ఆటోలు ఉంటాయి, కానీ ఎక్కొద్దంటున్నారు నాన్న. పొద్దున్నే తను ముందు బయల్దేరి రెండు కల్వర్టులూ చూసుకుంటూ బస్టాండుకి వస్తారట.